పొయ్యికి నీళ్లు పోసిన పొద్దు

పెళ్లయి ఈ ఊరికి వచ్చిన మొదటి ఎండాకాలం. పొద్దున్నే పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా అమ్మవారి గుడి మైకు గరగరమంది. "అమ్మల్లారా, అక్కల్లారా, పడమటి గాలి లేస్తా ఉండాది. పొయ్యిలు పడుకోబెట్టండి." అంతే. మా అత్త వచ్చి, సగం ఉడికిన పప్పు గిన్నెను దించేసి, నిప్పుల మీద బూడిద, బూడిద మీద ఇసుక కప్పేసింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"ఇంకో రెండు ఉడుకులొస్తే అయిపోతుంది కదత్తా" అన్నాను.

"అయిపోయేది పప్పొకటే అయితే నాకేం బాధ లేదమ్మే" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మాది కోవూరు. చుట్టూ వరి మళ్లు, కాలవ నీళ్లు, మధ్యలో మిద్దె ఇల్లు. నిప్పంటే మా ఇంట్లో అగ్గిపుల్ల గీస్తే వచ్చేది, ఊదితే పోయేది. దానికి ఇంత మర్యాదేమిటని సణుక్కుంటూ బయటికి వచ్చి, గడప దగ్గరే ఆగిపోయాను. అప్పటిదాకా ఇంటింటి వెనకా లేస్తున్న పొగలు ఒక్కొక్కటే సన్నబడి తెగిపోతున్నాయి. చూస్తుండగానే ఊరు మొత్తం మీద ఒక్క పొగ లేదు. ఎవరూ కేకలు వేయలేదు. పక్కింటివాళ్లు కప్పారా లేదా అని ఎవరూ తొంగి చూడలేదు. ఇన్ని ఇళ్లు ఒక్క మాట మీద నిప్పు మానుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పూట పలుకు పలుకుగా ఉన్న పప్పు నములుతూ కూడా ఆ ఆకాశం గురించే ఆలోచించాను.

బోగోలు దాటి సముద్రం వైపు వస్తే మా ఊరు. ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటును ఇక్కడ దురాయి అంటారు. సముద్రంలో వేటకు ఎప్పుడు పోకూడదో, ఏ వల వేయకూడదో, దేనికైనా దురాయి ఉంది. ఎండాకాలంలో పొయ్యికి కూడా ఉంది. పడమటి గాలి లేచిందని మైకులో చెప్పిన దగ్గర్నుంచి, సాయంత్రం గాలి మెత్తబడేదాకా ఎవరూ పొయ్యి రాజేయకూడదు. అందుకే ఆ రోజుల్లో ఊరంతా చీకటితో లేచి, మైకు వచ్చేసరికి వంటలు ఇంచుమించు ముగించేస్తుంది. కొత్తలో నేనొక్కదాన్నే తీరిగ్గా లేచి, సగం ఉడికినవి తింటూ ఉండేదాన్ని.

ఇప్పుడు మా ఊళ్లో అందరివీ స్లాబు ఇళ్లే. కానీ మే నెలలో స్లాబు కింద కూర్చుంటే మనిషి ఇడ్లీలా ఉడికిపోతాడు. అందుకని ప్రతి ఇంటికీ వెనక తాటాకు పందిరి ఉంటుంది. వంట దానికిందే, పడక దానికిందే. వలలు బాగుచేసుకునేదీ అక్కడే. పందిరి మూలల్లో నైలాను వలల గుట్టలు, వాటి పక్కన బోటు ఇంజన్ల కోసం తెచ్చిపెట్టుకున్న డీజిల్ క్యాన్లు. పందిరికీ పందిరికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సందు. అత్త కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో, ఒక ఇంట్లో చేపల పులుసు అడుగంటేలోపు ఒక వరస పూరిళ్లన్నీ బూడిదైపోయాయట. ఆ మాట చెప్పేటప్పుడు అత్త గొంతు తగ్గించేది. నిప్పు వింటుందని ఆమె నమ్మకం.

నిప్పు విషయంలో మా అత్తంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. కాల్చిన అగ్గిపుల్లను చెంబులో ముంచి గానీ పారేయదు. గ్యాసు పొయ్యి కట్టేశాక సిలిండరు దగ్గర వంగి చెవి పెట్టి వింటుంది. వల బాగుచేస్తూ ఎవరైనా బీడీ ముట్టిస్తే, ఆ మనిషి వయసేదైనా సరే, లేపి సముద్రం ఒడ్డుకు తోలేస్తుంది. ఇంత చేసే మనిషి పొయ్యిలో మాత్రం చుక్క నీరు పడనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే పొయ్యి రాళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాకే రాజేస్తుంది. దానిలో నీళ్లు పోయడమంటే ఇంటి లక్ష్మి మొహాన కొట్టడమే. ఆర్పడమనే మాటే మా ఊళ్లో పొయ్యికి వాడరు. పడుకోబెట్టడమే. మైకులో కూడా అదే మాట.

నేను ఊరుకుంటానా? "అగ్గిపుల్లకు లేని పాపం పొయ్యికెందుకత్తా?" అని ఒకసారి అడిగాను.

"అగ్గిపుల్ల అంగట్లో కొన్నది. పొయ్యి మనింట్లో పుట్టింది. రెండూ ఒకటేనా, కోవూరు మహారాణీ?" అంది.

నేనేం చెప్పినా ఆమె ఒప్పుకునేది కాదు.

రెండో కాన్పుకు నేను ఇక్కడే ఉండిపోయాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాడిని సెలవులకని ఆమె దగ్గరకు పంపించాం. ఎండలు ముదిరిన రోజుల్లో పాప పుట్టింది. చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట ఆపేసే కాలం అది. బోట్లన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి, వలలన్నీ ఇళ్లకు చేరాయి. మగవాళ్లలో చాలామంది అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పనికి పోయారు. మా ఆయన కూడా పోయాడు. ఊళ్లో ఆడవాళ్లం, పిల్లలం, ముసలివాళ్లం, ఎక్కడ చూసినా వలల గుట్టలు.

బాలింతకు నీళ్లు కాచడానికి అత్త వేరే పొయ్యి పెట్టింది. పందిరికి అవతల, సముద్రం వైపు, ఇసుకలో గుంట తవ్వి, మూడు రాళ్లు పెట్టి, దాని మీద గంగాళం ఎక్కించింది. పడమటి గాలి ఇళ్ల మీదుగా సముద్రం వైపు పోతుంది కాబట్టి అక్కడ రవ్వ లేచినా నీళ్ల మీదకే పోతుంది. గ్యాసు మీద కాచుకోవచ్చు కదా అని అడగాలంటే అడిగాను. ఆ గంగాళం గ్యాసు పొయ్యి మీద నిలబడదు, నిలబడినా ఆమె ఒప్పుకోదు.

"గ్యాసు మీద కాగిన నీళ్లు ఒంటికి పట్టవు. కట్టెల నీళ్లు ఎముకలోకి దిగతాయి" అంది.

నిజం చెప్పాలంటే ఆ నీళ్లు నాకు ప్రాణం పోశాయి. చీకటి విడకముందే నన్ను పీట మీద కూర్చోబెట్టి, చర్మం ఎర్రబడేంత వేడి నీళ్లు నడుం మీద చెంబులు చెంబులుగా కుమ్మరించేది. తర్వాత తను కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ కాళ్ల మధ్య పాపను పడుకోబెట్టి, నలుగు పెట్టి, మోచేత్తో వేడి చూసి పోసేది. వలల తాళ్లు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతుల్లో పాప వెన్నముద్దలా ఒదిగి ఉండేది, ఏడ్చేది కూడా కాదు. ఆఖరి చెంబు పాప చుట్టూ తిప్పి పక్కన పోసి, నాలుగు నిప్పులు పళ్లెంలోకి తీసి సాంబ్రాణి వేసేది. మిగిలిన నిప్పులను ఎప్పటిలాగే బూడిదతో, ఇసుకతో కప్పి పడుకోబెట్టేది. ఇంట్లో బాలింత ఉండగా పొయ్యికి నీళ్లు పోస్తే ఆ దోషం బిడ్డకు తగులుతుందని ఆమె భయం. ఆ భయం మామూలు భయం కాదు. ఆమె మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. పురుడు జరిగిన ఇంట్లో ఆ పూట ఎవరో తెలియక పొయ్యిలో నీళ్లు ఒలకబోశారట. దానికీ దీనికీ సంబంధం లేదని నేను చెప్పగలను. ఆమెకు ఎలా చెప్పను?

ఆ రోజు గాలి పొద్దున్నుంచే విసురుగా ఉంది. మైకు కంటే ముందే అత్త పొయ్యి కప్పేసింది. పూటంతా పడమటి గాలి ఇసుకను లేపుకుంటూ సముద్రం మీదకు పోతూనే ఉంది. నేను పాపను పందిరి వాసానికి కట్టిన పాత నైలాను చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, ఊపుతూ కునుకు తీస్తున్నాను. అత్త వీధి కుళాయి దగ్గరుంది.

మధ్యాహ్నం గాలి నిలిచిపోయింది. ఇది రోజూ జరిగేదే. పడమటి గాలి ఆగిపోయి, సముద్రం గాలి మొదలయ్యే ముందు కాసేపు ఏమీ కదలదు. తాటాకు చప్పుడు కూడా ఉండదు. చప్పుడు ఆగిపోవడం వల్లే నాకు మెలకువ వచ్చింది. పందిరి గుంజల మధ్య నుంచి అవతలి పొయ్యి కనిపిస్తోంది. పొద్దున కప్పిన ఇసుక అక్కడ లేదు. పూటంతా వీచిన గాలి దాన్ని పొరలు పొరలుగా తీసేసింది. దాని కింద బూడిద ఉంది. నేను చూస్తుండగానే సముద్రం వైపు నుంచి మొదటి గాలి వచ్చి ఆ బూడిదను ఊదేసింది. లోపల ఎర్రగా, పొద్దున ఎంత ఎర్రగా ఉన్నాయో అంతే ఎర్రగా నిప్పులు ఉన్నాయి.

అది ఎంత అందంగా ఉందో చెబితే మీరు నన్ను తిడతారు. పట్టపగటి ఎండలో కూడా అది వెలుగుతోంది. పొద్దున్నుంచి ఇసుక కింద ఊపిరి బిగబట్టుకుని దాని సమయం కోసం కాచుకుని కూర్చున్నట్టుంది. నేను లేవాలి, లేవలేదు. ఒక రవ్వ లేచింది. మిణుగురంత ఉంటుంది. దానికేం తొందర లేదు. తేలుకుంటూ వచ్చి, పందిరి అంచున ఎండి వేలాడుతున్న తాటాకు మీద వాలింది. ఏమీ కాలేదు. ఆరిపోయిందనుకున్నాను. తర్వాత ఆకు చివర నల్లబడి, ముడుచుకుని, చిటుక్కుమంది.

ఆ చిటుకుతో నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది. ఉయ్యాల లోంచి పాపను లాగి గుండెకు అదుముకుని బయటికి పరిగెత్తాను. కాన్పు కుట్లు పట్టుకుని లాగాయి. "అత్తా!" అని ఒకటే కేక పెట్టాను. వెనక్కి తిరిగేసరికి పందిరి ఆ చివర నుంచి ఈ చివరకు అంటుకుంటోంది. అంత వేగం ఉంటుందని నాకు తెలియదు. గాలి, ఆకు, మంట వేరు వేరుగా లేవు. ఆ వేడికి నా కనురెప్పలు చురుక్కుమన్నాయి.

తర్వాత నేను చూసింది ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నా ఒక్క కేకకు సందులన్నిటి నుంచీ ఆడవాళ్లు వచ్చారు. ఏం చేయాలని ఒక్కరూ అడగలేదు. కొందరు వలల గుట్టలను పట్టుకుని సముద్రం వైపు ఈడ్చారు. కొందరు డీజిల్ క్యాన్లను ఎత్తుకుని వీధి చివరకు పరిగెత్తారు. నడవలేని ఒక ముసలామె కూర్చున్న చోటే ఉండి గోనె సంచులు తడిపి అందిస్తోంది. మా ఇంటికి పడమటి పక్కన ఉండే అక్క చేసిన పనికి నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. వారం కిందటే కొత్త ఆకుతో కప్పించుకున్న పందిరి ఆమెది. దాని మీదకు ఇంకా మంట రాలేదు. ఆమె కత్తి తెచ్చి, తన పందిరి కట్లు తనే తెగ్గోసింది. మిగతావాళ్లు తాళ్లు పట్టుకుని ఒక్క లాగు లాగారు. పందిరి మొత్తం నేల మీద పడింది. దాని మీద ఇసుక, తడి గోనెలు వేసి తొక్కేశారు. మా పందిరి మంట అక్కడిదాకా వచ్చి, ఎక్కడానికి ఇంకేమీ దొరక్క, నిలబడి నిలబడి, కూలిపోయింది. ఊరు మిగిలింది.

పాప ఈ హడావుడిలో ఒకసారి ఆవులించింది, అంతే. ఉయ్యాల కట్టిన వాసం బొగ్గై కింద పడి ఉంది. చీర లేదు. ముడి ఒక్కటే ముద్దగా కరిగి, ఆ బొగ్గుకు అంటుకుని ఉంది. అత్త కూడా ఆ ముడిని చూసింది. వచ్చి పాప అరికాళ్లు, అరచేతులు, చెవులు, తల అన్నీ తడిమింది. తర్వాత పోయి ఇసుకలోని పొయ్యి ముందు కూర్చుంది.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అందరూ పొయ్యిని అలాగే పడుకోబెడతారు. అందరి ఇళ్లలోనూ ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సింది మా ఇంట్లో జరిగింది. పందిరి తెగ్గోసుకున్న అక్కే గంజి తెచ్చి ఇచ్చింది. అత్త తాగలేదు.

"కప్పినా గదమ్మే. బాగానే కప్పినా. పడుకోనుండాదనుకున్నా" అంది పొయ్యి వంక చూస్తూ.

"పడుకున్నది లేస్తుంది కదత్తా" అన్నాను. ఎత్తిపొడుపుగా అనలేదు. నాకు ఆ క్షణంలో తోచింది అదే.

ఆమె నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. నీళ్లు పోస్తే బిడ్డకు దోషం. పోయకపోతే బిడ్డ ఉయ్యాల ఏమైందో ఎదురుగా బొగ్గై పడుంది. ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆ రెండింటి మధ్యా కూర్చుంది. పొద్దు గూకేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

తెల్లవారుజామున కట్టెల చిటపటలకు లేచాను. మళ్లీ అదే గుంట, అవే రాళ్లు, పసుపు, కుంకుమ. వద్దు అత్తా, ఇవాళ్టికి చన్నీళ్లయినా ఫరవాలేదు అందామనుకున్నాను. ఆమె మొహం చూసి పీట మీద కూర్చున్నాను. రోజూ పోసినట్టే నాకు పోసింది. కాళ్ల మీద పాపను పడుకోబెట్టి, నలుగు పెట్టి, మోచేత్తో వేడి చూసి, పాపకు పోసింది. ఆఖరి చెంబు పాప చుట్టూ తిప్పింది. కానీ పక్కన పారబోయలేదు. పాపను నాకిచ్చి, ఆ చెంబు పట్టుకుని పొయ్యి దగ్గరకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది.

"తల్లీ" అంది. "నా మనవరాలికి నీళ్లు పోసినా. ఆ నీళ్లే నీకూ పోస్తా ఉండా. నువ్వూ నా ఇంట్లో పుట్టిన బిడ్డవే. నిన్ను తోలేయడం లే, తానం చేయిస్తా ఉండా. కోపం చేసుకోబాక."

చెంబు వంచింది. పొయ్యి బుస్సుమని పెద్ద ఆవిరి లేచి ఆమె తలను, భుజాలను కప్పేసింది. ఆ ఆవిరి లోపల ఆమె కనిపించని కాసేపు నేను పాపను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. నమ్మకాలను నేను ఎప్పుడూ వెక్కిరించేదాన్నే, ఆ పూట మాత్రం నాకూ భయం వేసింది. ఆవిరి చెదిరాక చూస్తే ఆమె పుల్లతో బూడిదను కలుపుతూ, ఇంకో చెంబు పోస్తోంది. పాపకు ఎలా పోసిందో అలాగే, అరచేత్తో నీటి ధారను అడ్డుకుంటూ, మెల్లగా. తర్వాత పుల్ల పారేసి, ఆ తడి బూడిదలో తన చెయ్యి మణికట్టు దాకా దించింది. కళ్లు మూసుకుని అలాగే ఉంచింది. ఎక్కడా వెచ్చదనం తగలడం లేదని నమ్మకం కుదిరాకే చెయ్యి తీసింది. ఆ వేలితోనే పాప అరికాలికి బూడిద చుక్క పెట్టింది.

అంత ధైర్యం నేను ఎక్కడా చూడలేదు. మంటలోకి దూకడానికి కావలసిన ధైర్యం కంటే అది పెద్దదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె పాప నుదురు తాకి తాకి చూసేది. పాప తుమ్మితే వణికిపోయేది. దగ్గు లేదు, జ్వరం లేదు. పాప మాత్రం బొద్దుగా తయారైంది. మెల్లగా పక్కింటి అక్క పొయ్యికి నీళ్లు పోయడం మొదలుపెట్టింది, ఆమెను చూసి అవతలివాళ్లు. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇప్పుడు ఎండాకాలం పొద్దున్నే మైకులో వచ్చే మాట వేరు. "అమ్మల్లారా, అక్కల్లారా, పడమటి గాలి లేస్తా ఉండాది. పొయ్యిలకు తానం చేయించండి." బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు విని నవ్వుతారు. నవ్వనీ. పొగలు తెగిపోయిన ఆకాశం ఇప్పుడు తెల్లటి ఆవిరితో నిండిపోతుంది. ఇంటింటి వెనకా ఒక్కసారి తెల్లగా లేచి, కలిసి, సముద్రం మీదకు పోతుంది. దాన్ని చూడడానికి నేను ఇప్పటికీ చేస్తున్న పని వదిలేసి గడప దాటి వస్తాను.

మా పాప ఇప్పుడు బడికి పోతోంది. పొద్దున్నే పొయ్యికి నీళ్లు పోసేటప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుంటుంది. ముందు అత్త తన చెయ్యి బూడిదలో పెట్టి చూస్తుంది. ఆమె తల ఊపాకే పాప తన చెయ్యి పెడుతుంది.

"సల్లంగా ఉండాది నాయనమ్మా" అంటుంది.

అత్త వెంటనే ఆ చిన్న చేతిని పట్టుకుని పైకి తీస్తుంది. అటూ ఇటూ తిప్పి, ఒక్కొక్క వేలూ విడదీసి చూసి, కొంగుతో తుడిచి, అప్పుడు గానీ బడికి వదలదు.